వెనుక రాసిన చిల్లర

ఇరవై ఆరేండ్లు నిలబడ్డ.
అహేరి నుంచి సిరొంచ, సిరొంచ నుంచి అహేరి.
గుంతలు లెక్కపెట్టే పని డ్రైవర్ మడావి చిన్నుది,
తలలు లెక్కపెట్టే పని నాది.
పిక్కల నరాలు చెట్టు వేర్ల లెక్క పైకి తేలినంక
పదిహేను రోజుల సెలవు రాసిన.
"తీర్థానికా?" డిపో మేనేజర్ మరాఠీల అడిగిండు.
కూసోనీకి, అన్న.
వేరేటోళ్ల బస్సుల, ఊరికే, కూసోనీకి.

చంద్రపూర్‌ల కొన్న వీపు సంచి.
రెండు లుంగీలు, కారప్పొడి డబ్బ, మోకాళ్ల నూనె.
వియత్నాం ఎందుకంటే ఏం చెప్పాలె?
నక్షల అది నిలబడ్డ మనిషి లెక్కుంటది,
సీటు రాడ్డుకు నడుము ఆనించి
కొంచెం వంగి, నా లెక్కనే.

హనోయిల రాత్రి బస్సు ఎక్కంగనే
చెప్పులు విప్పించి, ప్లాస్టిక్ సంచిల వేసి
నా చేతికే ఇచ్చిండు కండక్టర్ పోరడు.
పండుకునే బస్సు. మూడు వరుసల గూళ్లు.
ఒక గూట్లెకు తోసి కాళ్లు చాపమన్నడు.
నిద్ర యాడిది?
బ్రేకు పడ్డప్పుడల్ల చెయ్యి దానంతట అదే లేచింది,
అక్కడ లేని తాడు కోసం.
నడిజామున రోడ్డు పక్క ఒక ముసలాయన చెయ్యెత్తిండు.
బస్సు ఆగలే.
లోపల్నే ఒక గంట కొట్టుకున్న.
అద్దంల ఆయన చిన్నగై, చిన్నగై, చెట్టైపోయిండు.

వీన్‌ల రైలెక్కిన. గట్టి బల్ల టికెట్టు, అన్నిట్ల చౌక.
మా సిరొంచకు రైలొస్తదని చెప్పినోళ్లు
చెప్పుకుంటనే ముసలోళ్లైన్రు.
అందుకే కిటికీ వదల్లే.

ఎదురుగ బా లియెన్. బా అంటే అవ్వ అని తర్వాత తెలిసింది.
పచ్చి మామిడికాయ కోసి
పొట్లం విప్పితే, ఉప్పూ కారం.
ఉప్పూ కారమే!
అంత సముద్రం దాటి పోయి
అంకీస సంతల కూసున్నట్టైంది.
నేను నా డబ్బ తీసిన.
వేలితో అద్దుకుని నాకి, కండ్లల్ల నీళ్లతోని నవ్వింది.
మా ఇద్దరి భాష అక్కడికి సరిపోయింది.

క్వాంగ్ త్రి దగ్గర కిటికీల కుంటలు.
గుండ్రంగ, మరీ గుండ్రంగ, ఎవరో కొలిచి తవ్వినట్టు.
అవ్వ ఆకాశం చూపెట్టింది. పిడికిలి పట్టి, ఒక్కసారి విప్పింది.
తర్వాత నీళ్లల్ల బాతుల్ని చూపెట్టి
లెక్కపెట్టుకుంట పోయింది.

నాకు మా మలుపు యాదికొచ్చింది.
టేకు అడవి. అడ్డంగ నరికిన చెట్టు.
అందర్ని దింపిన్రు, మూటలు గూడ దింపుకోమన్నరు,
ఒకామె మేకను మరిచిపోతే వాళ్లే తెచ్చిచ్చిన్రు.
అప్పుడు అంటుకుంది బస్సు.
టికెట్ల ట్రే లోపల్నే ఉంది.
తాడు కాలి తెగినప్పుడు గంట ఒక్కసారి మోగింది,
ఆపమన్నట్టు.
ఈ ముచ్చట ఇంట్ల చెప్పలే. చిన్నుకు తెలుసు. చిన్నూ చెప్పడు.
అవ్వ ముందట పిడికిలి పట్టి విప్పిన.
తలూపింది.
ఇంకో ముక్క కోసిచ్చింది.

తోపుడు బండి మీద వేడి గంజి వచ్చింది.
నోటు మీద సున్నాలు నేను లెక్కపెట్టేలోపల
అవ్వే పైసలిచ్చింది. హ్యూల దిగిపోయింది.
కిటికీల నుంచి చెయ్యి చాపిన నోటు
రైలుతోటే కదిలి నా దగ్గరే ఉండిపోయింది.

ఇయ్యాల డ్యూటీ ఎక్కిన.
జిమలగట్టల ఒకామె ఐదువందల నోటిచ్చింది.
టికెట్ వెనుక బాకీ రాసి చుట్టూ సున్న చుట్టిన:
"దిగేటప్పుడు అడుగు."
అట్ల ఎందరికి రాసిన్నో, ఎందరు అడగక దిగిన్రో.
నాకు నేను ఒక టికెట్ కొట్టుకుని
వెనుక రాసిన: బా లియెన్, గంజి.
సున్న చుట్టి జేబుల పెట్టుకున్న.

మలుపొచ్చింది.
ఎవరూ చెయ్యెత్తలే, ఎవరూ దిగుతమనలే.
తాడు ఒక్కసారి గుంజిన.
చిన్ను ఆపిండు. అద్దంల చూసిండు. అడగలే.
కొత్త టేకు మొక్కలు బస్సు కిటికీల ఎత్తుకొచ్చినయ్.
అంతే.
రెండు గంటలు కొట్టిన.